వదిన వైపు ప్యాకెట్లు

ఆ అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోవడం మానేసి నాలుగేళ్ళు దాటింది. అలాగని ఒకరి సంగతి ఒకరికి తెలియదనుకుంటే పొరపాటే. ఇద్దరి మధ్యా కబుర్లు మోసేది మెట్ల కింద స్టోరు గదిలో ఉన్న ఫ్రీజరు.

పెద్ద ఫ్రీజరది. నడుమెత్తు, పెట్టెలా పైకి తెరుచుకునే మూత. వాళ్ళమ్మ బతికుండగా కొన్నది. ఇల్లు పంచుకున్నప్పుడు పై వాటా అక్కకీ కింది వాటా చెల్లెలికీ వచ్చాయి గానీ, ఫ్రీజరును రెండు ముక్కలు చెయ్యడం ఎవరివల్లా కాదు గనక అది ఉమ్మడిగా మిగిలిపోయింది. గొడవైన తరవాత చెల్లెలి మొగుడు ఒక ప్లైవుడ్ చెక్కను కొలత ప్రకారం కోసి దాని మధ్యలో నిలబెట్టాడు. ఎడమ పక్క అక్కది, కుడి పక్క చెల్లెలిది. ఆయన లిఫ్టు మెకానిక్. "నేను బిగించిన వాటిల్లో కదలనిది ఆ చెక్కొక్కటే" అని తోటి పనివాళ్ళ దగ్గర జోకేసేవాడు. వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ఇంటికొచ్చాక ఆయనకే నవ్వొచ్చేది కాదు.

ఆ ఫ్రీజరు నిండా బెర్రీలే. కాలవ గట్టు పొడుగునా ముళ్ళ పొదల్లో ఎండాకాలం చివర నల్లగా నిగనిగలాడుతూ కాస్తాయి. మూడు వారాలు, మహా అయితే నాలుగు. ఆ పైన పిట్టలపాలు. అక్కాచెల్లెళ్ళకి చిన్నప్పటినుంచీ వాటిని కోసి చలికాలానికి దాచుకోవడం అలవాటు. దానికో పద్ధతుంది. పొద్దున్నే తడి ఆరాక కోయాలి. మెత్తబడ్డవీ పచ్చివీ ఏరి పారెయ్యాలి. చన్నీళ్ళలో ఒక్కసారి ముంచి తీసి పాత నూలు గుడ్డ మీద ఆరబెట్టాలి. చుక్క తడి మిగలకూడదు. తరవాత ట్రేలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్లో పెట్టాలి. గులకరాళ్ళలా గట్టిపడ్డాకే కవర్లో పోసి, లోపలి గాలంతా తీసేసి, జిప్పు మూసి, మీద తారీఖు వెయ్యాలి. తొందరపడి తడివి తడిగా కుక్కారో, మొత్తం ఒకే గడ్డయి కూర్చుంటుంది, ఇక సుత్తి తెచ్చుకోవడమే. ఇదంతా చెల్లెలికి నేర్పింది అక్కే. ఆవిడ స్కూలు వంటగదిలో ముప్పై ఏళ్ళు పనిచేసింది. ఎవరికేం నేర్పినా గరిటె చూపించి బెదిరిస్తూనే నేర్పేది.

గొడవ కూడా ఆ పళ్ళ దగ్గరే వచ్చింది. ఒక ఏడు ఎవరో ఫ్రీజరు మూత సరిగ్గా వెయ్యలేదు. రెండు రోజులు ఎవరూ చూసుకోలేదు. తీరా చూస్తే ఏడాదికి సరిపడా పళ్ళు నల్లటి రసమై గడప దాకా పారాయి. నువ్వంటే నువ్వనుకున్నారు. అంతటితో ఆగినా బాగుండేది. మాటకి మాట పెరిగి అక్క నోరు జారింది. "పిల్లాపాపా ఉన్న కొంపయితే కదా వస్తువు మీద జాగ్రత్త ఉండేది!" అనేసింది. చెల్లెలికి పిల్లలు లేరు. రెండుసార్లు కడుపు మధ్యలోనే పోయింది. ఆ రెండుసార్లూ ఆస్పత్రి మంచం పక్కన కంటి మీద కునుకు లేకుండా కూర్చున్నది ఆ అక్కే. చెల్లెలు తక్కువ తిందా? "నిన్ను చేసుకునేవాడే దొరకలేదు, నువ్వా నాకు చెప్పేది!" అంది. చెల్లెల్ని పెంచి పెద్ద చెయ్యడానికే పెళ్ళి మానుకున్న మనిషితో అన్న మాటది. అంతే. పై తలుపు పైన మూసుకుంది, కింది తలుపు కింద మూసుకుంది.

మెకానిక్‌కి మాత్రం రెండు తలుపులూ తెరిచే ఉండేవి. పైన బల్బు పోయినా, కుళాయి కారినా ఆయనే వెళ్ళాలి. వదినకి ఆయనంటే అభిమానం. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేమన్నా అవునవునంటాడు. లోకంలో ఆయనకి కావలసిందల్లా ఒకటే, పని నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ అరుస్తూ ఉండకూడదు. ఇలాంటి వాళ్ళని జనం మంచివాళ్ళంటారు. ఈ కథ తెలిసినప్పటినుంచీ నేను ఆ మాట అనడం తగ్గించాను.

భార్య ఆస్పత్రి బట్టలుతికే లాండ్రీలో పని చేసేది. పొద్దున ఎనిమిదికి పోతే నాలుగింటికి రాక. వదిన ఆ వేళల్లోనే కిందికి దిగి, మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి, ప్యాకెట్టు పట్టుకెళ్ళి వేడి జావలో వేసుకు తినేది. ముప్పై ఏళ్ళు టైం ప్రకారం గంట కొట్టి వడ్డించిన మనిషి, తన తిండికీ అదే పద్ధతి. సాయంత్రం భార్య ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా స్టోరు గదిలోకి పోయి మూత ఎత్తేది. ఎవరైనా అడిగితే తన పళ్ళ కోసమే. చూపు మాత్రం చెక్కకి ఎడమ పక్కనే ఉండేది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకునేది.

"మహారాణి గారు ఇవాళ వేంచేశారు. ఒకటి తగ్గింది" అనేది భర్తతో.

అలా అన్న సాయంత్రం ఆవిడ చేతిలో గిన్నెలు కూడా నెమ్మదిగా చప్పుడు చేసేవి. అక్క ఎలా ఉందని నాలుగేళ్ళలో ఒక్కసారీ నోరు తెరిచి అడగలేదు. అడిగితే ఓడిపోయినట్టు లెక్క.

ఆ ఏడు చలి మొదలైన నెలన్నరకి ఎడమ పక్క లెక్క ముప్పై ఒకటి దగ్గర ఆగిపోయింది. మంగళవారం ముప్పై ఒకటి. శుక్రవారమూ ముప్పై ఒకటే. ఆ పై మంగళవారం భార్య మూత ఎత్తి చాలాసేపు అలాగే నిలబడింది. చల్లటి పొగ మొహం మీదికి కొడుతున్నా కదల్లేదు.

"ఏవండీ, ఒకసారి పైకెళ్ళి చూసి రండి."

"ఏం చూడను?"

"కుళాయి కారుతోందేమో చూడండి. ఏదో ఒకటి చూడండి."

ఆయన వెళ్ళాడు. వదిన రెండు దుప్పట్లు కప్పుకుని మంచం మీద కూర్చుని ఉంది. మొహం ఉబ్బరించినట్టుంది. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటోంది.

"జలుబు చేసింది మరిదీ. ఇంకేం లేదు. చల్లటివి తింటే పడట్లేదు, అందుకే పళ్ళ జోలికి పోవట్లేదు."

"డాక్టరుకి చూపిద్దాం వదినా."

"జలుబుకి డాక్టరేంటి? మందుల షాపులో ఏదన్నా తెచ్చిపెట్టు, చాలు. ఇదిగో, దానికి మాత్రం చెప్పకు. నేను మంచాన పడితే గానీ తన అవసరం రాలేదని నలుగురిలో చెప్పుకు తిరుగుతుంది. జాలిపడి రావడం నాకొద్దు. చెప్పావంటే నీ మొహం కూడా చూడను."

ఆయన అలవాటు ప్రకారం అవునవునన్నాడు. కిందికొచ్చి, బాగానే ఉందన్నాడు. భార్య నమ్మలేదు.

"మీరెప్పుడు బాగాలేదన్నారు గనక? ఇల్లు తగలబడుతున్నా చలి కాచుకుంటున్నారని చెప్పే రకం మీరు. మీ మాట నాకక్కర్లేదు. శుక్రవారం దాకా చూస్తాను. ప్యాకెట్టు కదిలితే సరే. లేకపోతే నేనే ఎక్కుతాను పైకి."

ఆ మాటకి మెకానిక్‌ బెదిరిపోయాడు. భార్య పైకి వెళ్తే, తనే చెప్పాడని వదిన అనుకుంటుంది. ఇద్దరూ మంచి మాటలే మాట్లాడుకుంటారని నమ్మకమేముంది? నాలుగేళ్ళుగా ఊరబెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటికొస్తాయి. అరుపులు. తలుపుల చప్పుళ్ళు. ఒంట్లో బాగాలేని మనిషి తట్టుకోలేదు. పది రోజులు ఓపిక పడితే జలుబు తగ్గిపోతుంది, ఆవిడే కిందికి దిగుతుంది, అంతా మామూలే. ఇలా తనకి తాను నచ్చజెప్పుకుని, శుక్రవారం పొద్దున భార్య పనికి వెళ్ళాక, మెకానిక్‌ స్టోరు గదిలోకి పోయి ఎడమ పక్క నుంచి ఒక ప్యాకెట్టు తీసి తన పనిముట్ల సంచీలో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం భార్య మూత ఎత్తి, దించి, వంటింట్లోకి వచ్చింది.

"ముప్పై" అంది. అంతే. ఆ తరవాత కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ, ఎవరికో చెప్తున్నట్టు, "బాగానే ఉందన్నమాట" అంది. మెకానిక్‌కి ఒంట్లో బరువు దిగినట్టయింది. ఎంత తేలిగ్గా అయిపోయింది!

తేలిగ్గా అయ్యేసరికి అలవాటైంది. మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి. పారెయ్యడానికి మనసొప్పక, లిఫ్టు మోటారు గదిలో ఒక్కడే కూర్చుని తినేవాడు. ఎక్కడో పదో అంతస్తు పైన, గ్రీజు వాసనలో, తాళ్ళు తిరుగుతున్న చప్పుడులో, చిగుళ్ళు జివ్వుమంటుంటే ఒక్కొక్కటే నములుతూ. వదిన దాచిన పళ్ళు దేనికది విడివిడిగా ఉండేవి. ఒక్కటి కూడా చితికేది కాదు. నాలిక ఊదారంగుకి తిరిగేది. ఇంటికి వెళ్ళేముందు బ్రష్ చేసుకోవడం నేర్చుకున్నాడు. దొంగ పనైనా శుభ్రంగా చేసేవాడు పాపం.

పైన జలుబు తగ్గలేదు. మందుల షాపు బిళ్ళలు మూడు రకాలు మారాయి. మూల మీద కిరాణా కొట్టామె రోజు మార్చి రోజు పాలూ బ్రెడ్డూ పైకి పంపేది. మెకానిక్‌ మధ్యాహ్నాలు పని మధ్యలో ఇంటికొచ్చి చాటుగా జావ కాచి పెట్టేవాడు. వదిన దుప్పటి కాళ్ళ మీంచి తీసేది కాదు. ఒకరోజు దుప్పటి పక్కకి జరిగినప్పుడు చూశాడు. పాదాలు వాచి, మేజోళ్ళ పైన చర్మం మెరుస్తోంది. "ఆస్పత్రికి వెళ్దాం వదినా" అన్నాడు, ఈసారి కొంచెం గట్టిగానే. "చలి తగ్గనీ, వెళ్దాం" అంది. ఆయన అవునవునన్నాడు.

కింద భార్య ఒకటి రెండుసార్లు చెవి ఒగ్గి, "పైన నడిచిన చప్పుడు వినపడట్లేదండీ ఈమధ్య" అంది. వెంటనే తనే మళ్ళీ, "అయినా మెట్లు దిగి ప్యాకెట్లు తీసుకెళ్తోందిగా. కావాలనే పిల్లిలా నడుస్తోందేమో, నాకు వినపడకూడదని" అనుకుంది. మనిషి చెవులు చెప్పిందాన్ని ప్యాకెట్ల లెక్క కొట్టేసింది. అలా ఐదు వారాలపైన గడిచాయి. ముప్పై ఒకటి కాస్తా పందొమ్మిదికి వచ్చింది.

ఒక బుధవారం మధ్యాహ్నం మెకానిక్‌ జావ తీసుకుని పైకి వెళ్తే, వదిన కుర్చీలో కూర్చుని ఉంది. తల దువ్వుకుంది. గదంతా సర్ది ఉంది. గోడ వార ఉండే రెండో కుర్చీని తెచ్చి ఎదురుగా వేసుకుంది. ఊపిరి అందక గుండెల మీద చెయ్యి పెట్టుకునే ఉంది గానీ, మొహం వెలిగిపోతోంది.

"మరిదీ, కూర్చో. ఆ కుర్చీలో కాదు, మంచం మీద కూర్చో. నీకో మాట చెప్తా. పొద్దున ఎందుకో పళ్ళ మీదికి మనసు పోయింది. మూడు మెట్లకోసారి కూలబడుతూ దిగాను కిందికి. మూత ఎత్తి చూస్తే ఏముంది? నావి ముప్పై ఒకటి ఉండాలి. పందొమ్మిది ఉన్నాయి!"

మెకానిక్‌కి చేతిలో జావ గిన్నె కాలుతున్నా తెలియలేదు.

"పన్నెండు మాయం!" అని వదిన నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు తగ్గాక కళ్ళు తుడుచుకుంది. "దొంగముండ. చిన్నప్పుడూ అంతే. అమ్మ ఇద్దరికీ సమానంగా పెట్టేది. తన గిన్నె నిండా ఉన్నా నా గిన్నెలోవే తినేది. నాలుగేళ్ళు ఆ చెక్కకి ఇవతల చెయ్యి పెట్టలేదు మరిదీ. ఇప్పుడు పెట్టింది. అర్థమైందా నీకు?"

అర్థమైంది. ఆయనకి అంతకంటే బాగా ఎవరికర్థమవుతుంది?

"కోపం కరిగింది దానికి. ఇక రేపో మాపో వస్తుంది పైకి. నాకు తెలిసినట్టు చెప్పకు, సిగ్గుపడుతుంది. దానంతటదే రానీ. వచ్చినప్పుడు, ఆ రోజు నేనన్న మాటకి..." అని ఆగి, "ఏదో ఒకటి అంటాలే. అది వస్తే చాలు" అంది.

"ముందు ఆస్పత్రికి వెళ్దాం వదినా. ఇవాళే. టాక్సీ పిలుస్తా."

"పిచ్చివాడివా? అది మెట్లెక్కి వచ్చేసరికి తాళం వేసి ఉంటే? మళ్ళీ నాలుగేళ్ళు పడుతుంది. వచ్చి వెళ్ళనీ. ఆ తరవాత నువ్వెక్కడికంటే అక్కడికి వస్తా. ఎప్పుడొస్తుందంటావ్?"

మెకానిక్‌ జావ గిన్నె కింద పెట్టాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఆయన జీవితంలో లేదు. "రేపొస్తుంది వదినా" అన్నాడు.

మెట్లు దిగుతూ ఒట్టు పెట్టుకున్నాడు, ఇవాళ సాయంత్రం భార్యకి అంతా చెప్పేస్తానని. సాయంత్రం భార్య ఇస్త్రీ మిషను దగ్గర చెయ్యి కాల్చుకుని వచ్చింది. మండుతోందని చిరాకుగా ఉంది. ఇప్పుడెందుకులే అనుకున్నాడు. రాత్రి పడుకునేముందు ఆయనకో ఉపాయం తట్టింది. ఇక ప్యాకెట్లు తియ్యకపోతే సరి! లెక్క కదలదు, భార్య కంగారు పడుతుంది, తనే పైకెక్కుతుంది. అక్క ఎదురుచూస్తూనే ఉంది. ఇద్దరూ కౌగిలించుకుంటారు. పన్నెండు ప్యాకెట్ల సంగతి ఆ ఏడుపుల్లో ఎవరికి గుర్తుంటుంది? తను నోరు విప్పే పనే లేదు. తిట్లు తినే పని అసలే లేదు. నోరు విప్పకుండా ఎంత కష్టమైన పనైనా చెయ్యగలడు ఆయన.

గురువారం వదిన అడిగింది. రేపొస్తుందన్నాడు.

శుక్రవారం పొద్దున సంచీ భుజానికి తగిలించుకుని, స్టోరు గది తలుపు ముందు నుంచి దాటుకుని పనికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం పైకి వెళ్తే వదిన ఇంకా కుర్చీలోనే ఉంది. రాత్రి కూడా అందులోనే పడుకుందట, పడుకుంటే ఊపిరి ఆడట్లేదని. రేపొస్తుందన్నాడు. సాయంత్రం భార్య మూత ఎత్తి దించి, "ఇవాళ తీసుకోలేదు" అంది. ఆయన లోపల సంబరపడ్డాడు.

శనివారం మధ్యాహ్నం వదిన జావ ముట్టుకోలేదు. కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని ఉంది.

"రాదులే మరిదీ."

"వస్తుంది వదినా. రేపొస్తుంది."

"ఫ్రీజరు దాకా రావడానికి మెట్లెక్కక్కర్లేదుగా. దానికి నా పళ్ళంటే ఇష్టం. నేనంటే కాదు. నేనే ఏదో అనుకున్నాను."

ఇప్పుడైనా చెప్పొచ్చు. ఆ పళ్ళు తిన్నది నేను వదినా, దానికేమీ తెలియదు, తెలిస్తే పరుగెత్తుకొస్తుంది అని. పది మాటలు కూడా కావు. ఆయన గిన్నె తీసుకుని, మూత పెట్టి, "సాయంత్రం వేడి చేసి తెస్తా" అన్నాడు.

ఆ సాయంత్రం భార్య స్టోరు గదిలోంచి వచ్చి కోటు విప్పలేదు. వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఇవాళా పందొమ్మిదే. నాకేదోలా ఉందండీ. మహారాణి గారు శుక్రవారం తప్పారంటే మామూలు సంగతి కాదు. రేపు ఆదివారం, నేనింట్లోనే ఉంటాను. పొద్దున కూడా అలాగే ఉంటే నేనే వెళ్తాను పైకి. ఏమంటే అననీ. పడతాను."

ఇప్పుడే వెళ్ళు అన్న మాట మెకానిక్‌ నాలిక చివరిదాకా వచ్చింది. ఇప్పుడే ఎందుకు అని అడుగుతుందేమోనని వెనక్కి పోయింది. పన్నెండు గంటలే కదా అనుకున్నాడు. ఆ రాత్రి ఐదారు వారాల తరవాత హాయిగా నిద్రపోయాడు.

ఆదివారం పొద్దున ఆయన పాల సీసా పట్టుకుని ముందు వెళ్ళాడు. వదిన కుర్చీలోనే ఉంది. తల పక్కకి వాలి ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. సీసా ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని పట్టుకునే కిందికి వచ్చాడు.

భార్య నాలుగేళ్ళ తరవాత ఆ మెట్లెక్కింది. ఎక్కి, గుమ్మంలో నిలబడి, ఎదురెదురుగా వేసిన రెండు కుర్చీల వంక చూసింది. ఏడవలేదు. డాక్టరు వచ్చి దుప్పటి తీసి కాళ్ళు చూశాడు.

"గుండె. నెలకి పైగా ఇలాగే ఉండి ఉంటుంది. ఈ కాళ్ళతో గదిలో నడవడమే కష్టం" అన్నాడు.

"లేదండీ" అంది భార్య. "వారానికి రెండుసార్లు కిందికి దిగింది. మొన్న మంగళవారం కూడా దిగింది. నాకు తెలుసు."

డాక్టరు ఏదో అనబోయి, ఇంటివాళ్ళతో వాదనెందుకులే అనుకున్నాడేమో, కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. మెకానిక్‌ తన బూట్ల వంక చూస్తూ నిలబడ్డాడు.

జరగాల్సినవన్నీ జరిగాయి. వచ్చినవాళ్ళు వచ్చారు, పోయారు. భార్య కళ్ళల్లో నీటి చుక్క లేదు. వచ్చినవాళ్ళకి టీలిచ్చింది, పై వాటా కడిగింది, లాండ్రీకి వెళ్ళింది. ఐదో రోజు సాయంత్రం మెకానిక్‌ ఇంటికొచ్చేసరికి స్టోరు గదిలో దీపం వెలుగుతోంది. ఫ్రీజరు మూత తెరిచి ఉంది. భార్య ఎడమ పక్క ప్యాకెట్లన్నీ తీసి చెత్త సంచీలో పడేస్తోంది. ఒక్కొక్కటీ రాయి పడ్డట్టు పడుతోంది.

"ఏం చేస్తున్నావ్?"

"కనపడట్లా? నాకొద్దు ఇవి." ఆవిడ చేతులు ఆగలేదు. "ఆ వాచిన కాళ్ళేసుకుని ఇరవై రెండు మెట్లు దిగిందండీ. దిగి, ఇక్కడ నిలబడి, తన పళ్ళు తను తీసుకుని, మళ్ళీ ఇరవై రెండు మెట్లెక్కింది. నా గుమ్మం నాలుగడుగులు. ఈ నాలుగడుగులు వెయ్యడానికి కాళ్ళు రాలేదు. చచ్చిపోతూ కూడా అంత పగ! అలాంటి మనిషి కోసం నేనేడవను. నా వల్ల కాదు. ఎంత ప్రయత్నించినా రావట్లేదు."

అప్పుడు మెకానిక్‌ చెప్పాడు. చెక్క వంక చూస్తూ మొదటినుంచీ చివరిదాకా చెప్పాడు. జలుబు సంగతి, చెప్పొద్దన్న వదిన మాట, పనిముట్ల సంచీ, మోటారు గది. వదిన కిందికి దిగింది ఒకే ఒక్కసారని, ఆ రోజు పందొమ్మిది లెక్కపెట్టుకుని ఏమనుకుందో, ఆ కుర్చీ ఎవరి కోసం వేసిందో చెప్పాడు. ఆయన జన్మలో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడి ఎరగడు.

భార్య ఫ్రీజరు అంచు పట్టుకుని నిలబడి విన్నది. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది ఆయనకి మొదటిసారి.

"నేనే తింటున్నాననుకుందా అక్క?"

నాలుగేళ్ళలో ఆ నోట అక్క అన్న మాట రావడం అదే మొదలు.

"అవును."

"సంతోషపడిందా?"

"పడింది. చాలా."

"నేను పైకి వస్తాననుకుంది."

"అవును. నేను కూడా... రేపొస్తుందని చెప్పాను."

"ఎన్నిసార్లు?"

"నాలుగు."

ఆవిడ పెదాలు కదిలాయి. బుధవారం, గురువారం అని రోజులు లెక్కపెడుతోందని తెలుస్తూనే ఉంది. శనివారం దగ్గర ఆగింది.

"చివరిసారి చెప్పినప్పుడు ఏమంది?"

మెకానిక్‌ తలెత్తాడు. భార్య మొహంలో కోపం లేదు. చీకట్లో చెయ్యి చాపి ఏదో వెతుక్కునే మనిషిలా ఉంది. ఏమీ అనలేదు, నవ్వింది అంటే చాలు. సరేనంది అన్నా చాలు. ఇంట్లో శాంతి కోసం ఇన్నేళ్ళు ఎన్ని అబద్ధాలాడాడో ఆయనకే లెక్క తెలియదు, ఇంకొక్కటి పెద్ద కష్టం కాదు. కానీ పాపం, ఆయన అప్పటికి ఇక అబద్ధం ఆడకూడదని గట్టిగా నిర్ణయించుకుని ఉన్నాడు.

"రాదులే అంది. దానికి నా పళ్ళంటే ఇష్టం, నేనంటే కాదు అంది."

భార్య చేతిలో ఉన్న ప్యాకెట్టు అలాగే ఉంది. వేళ్ళ వెచ్చదనానికి కవరు మీది మంచు కరిగి చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతోంది. గొంతు పెంచకుండా అంది:

"అన్నీ దాచారు. ఈ ఒక్కటి కూడా దాచి ఉండాల్సింది మీరు."